వాళ్ళ దుకాణం, వాళ్ళ ఇష్టమేనా?

పోయిన నెలలో ఒకరోజు చీకటి పడే వేళ జొన్నరొట్టెలు చేస్తున్నాను. మా మక్తల్ వైపు రాత్రి పూట రొట్టె లేనిదే చాలామందికి తిన్నట్టు ఉండదు. పెనం వేడెక్కింది, ఒక రొట్టె చేతిలో ఉంది, అంతలో వెనక వాకిట్లో ఎవరో ఏడుస్తున్న చప్పుడు. తొంగి చూస్తే మా పక్కింటావిడ, ఆమె వెనకాల వాళ్ళ పెద్దమ్మాయి. ఆ పిల్ల ఇంటర్ పాసయ్యి, పక్క పట్నంలో ఒక పెద్ద బట్టల దుకాణంలో ఏడాదిగా పని చేస్తోంది.

"ఏమైంది చెల్లే?" అన్నాను.

"ఏం చెప్పాలె అక్కా! బిడ్డను పనిలకెళ్ళి తీసేసిన్రు. నెల జీతం ఇయ్యలే. పదో తరగతి మెమో గూడ వాళ్ళ దగ్గర్నే ఉంది."

"ఏం తప్పు చేసిందని?"

దానికి ఆ పిల్లే జవాబు చెప్పింది. "తప్పేం చేయలే పెద్దమ్మా. ఫోన్ల స్టేటస్ పెట్టిన. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి తొమ్మిది దాంక నిలవడే ఉంటం, కూసుందమంటే ఒక స్టూలు గూడ లేదు, కాళ్ళు వాస్తున్నయి అని రాసిన. ఎవరో దాన్ని ఫొటో తీసి సేటుకు చూపిచ్చిన్రు. తెల్లారి పోయేసరికి, దుకాణం పరువు తీసినవు, రేపటి నుంచి రాకు అన్నడు."

రెండో రొట్టె మాడింది. పెనం దించి, ఇద్దరినీ లోపల కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఇంతలో మా ఆయన వచ్చారు, సంగతంతా విన్నారు. ఆయన కోపిష్టి కాదు, ఆ పిల్ల అంటే ప్రేమ కూడా. కానీ ఏమన్నారో తెలుసా? "పాపం నిజమే గాని, వాళ్ళ దుకాణం, వాళ్ళ ఇష్టం. నచ్చకుంటే ఇంకో దగ్గర చూసుకోవాలె. మనింట్ల పని చేసెటోళ్ళను మనం మార్చలేదా?"

ఆ మాట నన్ను వారం రోజులు వదలలేదు. మనలో ఎంతమందిమి ఆ మాట అనలేదు చెప్పండి? బడిలో ఫీజు ఎక్కువంటే "వాళ్ళ బడి, వాళ్ళ ఇష్టం". ఆసుపత్రిలో బిల్లు వివరం అడిగితే విసుక్కున్నారంటే "వాళ్ళ ఆసుపత్రి, వాళ్ళ ఇష్టం". మరి మన ఇష్టం ఎక్కడ మొదలవుతుంది? రాజ్యాంగం మనకిచ్చిన హక్కులు దుకాణం గడప దగ్గర చెప్పులతో పాటు విడిచి లోపలికి పోవాలా? నేను చదివింది ఇంటరే. అయినా పుస్తకాలు తిరగేసి, తెలిసిన వకీలు గారిని అడిగి తెలుసుకున్నది ఈ వారం మీతో చెప్తాను.

మా ఆయన మాటలో సగం నిజం ఉంది. మాట్లాడే స్వేచ్ఛ గురించి చెప్పేది రాజ్యాంగంలోని 19వ అధికరణం. ఆ హక్కు ముఖ్యంగా ప్రభుత్వం నుంచి మనల్ని కాపాడడానికి పుట్టింది. ప్రభుత్వం అంటే ఎవరెవరు అన్నది 12వ అధికరణం చెప్తుంది. అందులో కేంద్రం, రాష్ట్రం, పంచాయతీలు, మునిసిపాలిటీల వంటివి వస్తాయి. బట్టల దుకాణం సేటు రాడు. అంతెందుకు, దేశమంతా చూసే క్రికెట్టును నడిపే బోర్డు కూడా ఆ అర్థంలో ప్రభుత్వం కిందికి రాదని సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. అదీ ఐదుగురు జడ్జీలలో ముగ్గురు ఒక వైపు, ఇద్దరు ఒక వైపు. అంటే పెద్దపెద్ద న్యాయమూర్తులకే ఇది తేలిక లెక్క కాదన్నమాట.

మరి మిగతా సగం? రాజ్యాంగం రాసినవాళ్ళకు మన ఊళ్ళ సంగతి బాగా తెలుసు. ఈ దేశంలో మనిషిని తొక్కేది సర్కారు ఒక్కటే కాదు, దొర, షావుకారు, కాంట్రాక్టరు, హోటలు యజమాని కూడా అని తెలుసు. అందుకే కొన్ని హక్కులు ప్రభుత్వానికే కాక అందరికీ వర్తించేటట్టు రాశారు. దుకాణాలు, హోటళ్ళు, వినోద శాలలలోకి కులం, మతం, ఆడా మగా తేడాతో ఎవరినీ రానివ్వకుండా ఆపకూడదని 15వ అధికరణంలో ఉంది. అంటరానితనం ఎవరు పాటించినా నేరమే అని 17లో ఉంది. వెట్టి చేయించకూడదని 23లో ఉంది. టీ హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి మన పల్లెల్లో చూసినవాళ్ళకు ఈ మాటల విలువ వేరే చెప్పక్కర్లేదు. ఆ హోటలూ ప్రైవేటుదే. అక్కడ "నా హోటలు, నా ఇష్టం" అంటే చెల్లదు.

ఇక పాలమూరువాళ్ళం మనం మరిచిపోకూడని కేసు ఒకటుంది. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. వాటి కోసం స్టేడియాలు, రోడ్లు, వంతెనలు కట్టే పని కాంట్రాక్టర్లకిచ్చారు. కూలీలను జమాదార్లు తెచ్చేవాళ్ళు. మన దగ్గర మేస్త్రీలు తట్టాపారా పట్టించి దూర ప్రాంతాలకు మనుషులను తీసుకుపోయినట్టే. రోజుకు 9 రూపాయల 25 పైసలు ఇవ్వవలసిన కూలిలో ఒక రూపాయి జమాదారు మినహాయించుకునేవాడు. ఆడకూలీలకైతే 7 రూపాయలే చేతికొచ్చేవి. పీపుల్స్ యూనియన్ ఫర్ డెమొక్రాటిక్ రైట్స్ అనే సంఘం సుప్రీంకోర్టుకు పోయింది. కనీస కూలి కంటే తక్కువిచ్చి పని చేయించడం కూడా వెట్టే అని, ఆకలి తప్ప వేరే దారి లేక ఒప్పుకున్నవాణ్ణి "ఇష్టపడే వచ్చాడు కదా" అనరాదని కోర్టు తీర్పు చెప్పింది. 17, 23, 24 అధికరణాలు ప్రైవేటు మనుషుల మీద కూడా అమలవుతాయని చెప్పింది.

ఇక్కడే మా ఆయన మాటకు మొదటి జవాబు దొరికింది. "నచ్చకుంటే ఇంకో దగ్గర చూసుకోవాలె" అంటే, ఇంకో దగ్గర ఉండాలి కదా! ఆ పట్నంలో బట్టల దుకాణాలు నాలుగుంటే నాలుగిట్లో అదే పద్ధతి. దారులన్నీ మూసి, ఒక్కటే తెరిచి, "నీ ఇష్టం వచ్చిన దారిలో పో" అన్నట్టుంటుంది.

ఇటువంటి ముచ్చటే అమెరికాలో ఒకటి జరిగింది. అలబామా రాష్ట్రంలో చికసా అనే ఊరు మొత్తం ఒక ఓడల కంపెనీదే. ఇళ్ళు, వీధులు, అంగళ్ళు అన్నీ దానివే. గ్రేస్ మార్ష్ అనే ఆమె అక్కడి అంగళ్ళ ముందు నిలబడి తన మతానికి సంబంధించిన కాగితాలు పంచింది. ఇది మా కంపెనీ జాగా, పంచొద్దు అన్నారు. ఆమె వెళ్ళనన్నది, అరెస్టు చేశారు. 1946లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆమె పక్షాన చెప్పింది. సొంతదారు తన ఆస్తిని నలుగురి వాడుకకు ఎంతగా తెరిస్తే, నలుగురి హక్కులకు అంతగా తలవంచాలి అన్నది ఆ తీర్పులోని సారం. ఊరు ఊరంతా ఒకరిదైతే, ఆ ఒకరు సర్కారులాంటివాడే కదా మరి!

అమెరికా దాకా ఎందుకు, మన ఇళ్ళల్లోని టీవీ సంగతే చూడండి. 2014 జూన్‌లో తెలంగాణలో కేబులు వాళ్ళు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి ఛానళ్ళు ఆపేశారు. కొత్త శాసనసభ్యులను ఎగతాళి చేస్తూ ఒక కార్యక్రమం వేశారని గొడవ. ఆ కార్యక్రమం చాలామందికి కోపం తెప్పించిన మాట నిజం, మా ఇంట్లో కూడా తిట్టుకున్నాం. అయితే ఆపింది ఎవరు? అది కేబులు ఆపరేటర్ల నిర్ణయం, మాకు సంబంధం లేదని ప్రభుత్వం అన్నది. నెలల తరబడి ఆ ఛానళ్ళు చాలా ఇళ్ళకు రాలేదు. ఛానలు తప్పు చేస్తే ఫిర్యాదు చేయడానికి దారులున్నాయి, రిమోటు మన చేతిలో ఉంది. కానీ మనం ఏం చూడాలో తీగ లాగినవాడు తేల్చడమేమిటి? ఆ రోజు మనకు నచ్చని ఛానలు పోయిందని ఊరుకుంటే, రేపు నచ్చినది పోయినప్పుడు అడిగే నోరు మనకుండదు.

2018 ఏప్రిల్‌లో ఇంకొకటి జరిగింది. నటి శ్రీరెడ్డి హైదరాబాదు ఫిలిం ఛాంబర్ దగ్గర నిరసన తెలిపారు. సినిమా రంగంలో ఆడపిల్లలను అవకాశాల పేరుతో వాడుకుంటున్నారని, తెలుగు అమ్మాయిలకు వేషాలివ్వడం లేదని ఆమె ఆరోపణ. ఆమె నిరసన తెలిపిన తీరు మనలో చాలామందికి నచ్చలేదు, ఆ మాట దాచక్కర్లేదు. అప్పుడు మూవీ ఆర్టిస్ట్స్ అసోసియేషన్ ఆమెకు సభ్యత్వం ఇవ్వమని, ఆమెతో కలిసి నటించిన సభ్యుల మీద కూడా చర్య తీసుకుంటామని ప్రకటించింది. ఆ సంఘం సర్కారు ఆఫీసు కాదు, నటులు పెట్టుకున్న సంఘం. కానీ దాని తలుపు మూసుకుంటే ఆమెకు ఈ రంగంలో బతుకుదెరువే మూసుకున్నట్టు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తనంతట తానే కేసు తీసుకుని తెలంగాణ ప్రభుత్వానికి, కేంద్ర సమాచార ప్రసార శాఖకు నోటీసులిచ్చింది. ఆ వారంలోనే సంఘం తన నిషేధం ఎత్తేసింది. ఆ తరువాత 2019లో సినీరంగంలో ఆడవాళ్ళ ఇబ్బందులను చూడడానికి తెలంగాణ ప్రభుత్వం ఒక కమిటీ వేసింది. ఆమె చెప్పిన ప్రతి మాటా నిజమని నేను అనడం లేదు. ఆరోపణ అబద్ధమైతే అబద్ధమని తేల్చాలి గాని, చెప్పిన నోటికి అన్నం లేకుండా చేయడం జవాబు కాదు అంటున్నాను.

చట్టం కూడా మెల్లమెల్లగా ఈ వైపే నడుస్తోంది. పని చేసే చోట ఆడవాళ్ళ మీద లైంగిక వేధింపుల విషయంలో 1997లో విశాఖ కేసులో సుప్రీంకోర్టు పెట్టిన నియమాలు ప్రైవేటు సంస్థలకు కూడా వర్తించాయి. 2013లో అదే చట్టమయింది. 2023 జనవరి 3న కౌశల్ కిశోర్ కేసులో ఐదుగురు జడ్జీలలో నలుగురు, 19, 21 అధికరణాల హక్కులను ప్రభుత్వం కాని వాళ్ళ మీద కూడా అడగవచ్చన్నారు. జస్టిస్ బి.వి. నాగరత్న మాత్రం ఒప్పుకోలేదు. ప్రైవేటు మనుషుల మధ్య తగాదాలకు మామూలు చట్టాలు, మామూలు కోర్టులు ఉన్నాయి కదా అన్నది ఆమె ఆలోచన. ఆమె మాటలోనూ అర్థముంది. ప్రతి గొడవకూ రాజ్యాంగం పట్టుకుని పెద్ద కోర్టుకెక్కడం మనలాంటి వాళ్ళకు అయ్యే పని కాదు. మనకు కావలసింది దగ్గరలో ఉండే చట్టం, దాన్ని అమలు చేసే ఆఫీసరు.

కుర్చీ సంగతే తీసుకోండి. కేరళలో కోళికోడ్ మిఠాయి వీధిలోని దుకాణాల్లో పని చేసే ఆడవాళ్ళు విజి అనే దర్జీ పని చేసే ఆమె ముందుండగా పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టుకున్నారు. మూత్రానికి పోను చోటు కావాలని, కూర్చోను కుర్చీ కావాలని ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టం మార్చి, పనివాళ్ళకు కూర్చునే వసతి ఉండాలన్నది. 2021లో తమిళనాడు కూడా అటువంటి చట్టమే చేసింది. ఆ ఆడవాళ్ళు "వాళ్ళ దుకాణం, వాళ్ళ ఇష్టం" అనుకుని ఊరుకుని ఉంటే ఆ కుర్చీలు వచ్చేవా?

దుకాణదారుకు హక్కులే లేవని కాదు. పెట్టుబడి ఆయనది, నష్టమొస్తే మునిగేదీ ఆయనే. పని వేళలో ఫోను చూడవద్దనవచ్చు, గిరాకీలతో మర్యాదగా మాట్లాడమనవచ్చు. లేనిపోని అబద్ధాలు రాసి వ్యాపారం చెడగొడితే కేసు పెట్టవచ్చు. కానీ ఈ పిల్ల రాసింది అబద్ధం కాదు. దుకాణం పేరు కూడా రాయలేదు. తన కాళ్ళు వాచిన సంగతి తన ఫోనులో రాసుకున్నది. జీతమిచ్చి కొనుక్కున్నది ఆమె పని వేళలనే గాని ఆమె నోటిని కాదు.

ఇలాంటిది మీ ఇంటి ఆడపిల్లకు ఎదురైతే ఏం చేయాలో, మేం చేసిందీ వకీలు గారు చెప్పిందీ కలిపి రాస్తున్నాను. కత్తిరించి దాచుకోండి.

ఒకటి. చేరేటప్పుడే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇవ్వకండి, జిరాక్సులు చాలు. ఇవ్వక తప్పకపోతే, ఫలానా తేదీన తీసుకున్నామని సంతకంతో కాగితం రాయించుకోండి.

రెండు. జీతం ఇచ్చిన తేదీలు, పని వేళలు ఒక నోటుబుక్కులో రాసుకోండి. పాల లెక్క రాసుకున్నట్టే. ఫోనులో ఉన్న మెసేజీలు చెరిపేయకండి.

మూడు. 1988 నాటి దుకాణాల, సంస్థల చట్టం తెలంగాణలో అమల్లో ఉంది. ఆరు నెలలు వరుసగా పని చేసినవాళ్ళను సరైన కారణం లేకుండా తీసేయరాదు. తీసేస్తే నెల రోజుల ముందు నోటీసు గాని, దానికి బదులు నెల జీతం గాని ఇవ్వాలి. దాని మీద కార్మిక శాఖ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు.

నాలుగు. పనిలోంచి తీసేస్తే రావలసిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలని 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ చెప్తోంది.

ఐదు. వకీలును పెట్టుకునే స్తోమత లేదని వెనకాడకండి. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది. కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది. 15100కు ఫోను చేసినా దారి చెప్తారు.

ఆరు. కోపంలో తిట్లు రాయకండి. జరిగింది జరిగినట్టు రాయండి. నిజం చిన్నగా చెప్పినా వినబడుతుంది, తిట్టు కలిస్తే నిజం కాస్తా పక్కకు పోతుంది.

మేం అర్జీ రాశాం. నేనే కూర్చుని తెలుగులో రెండు పేజీలు రాశాను, ఆ పిల్ల సంతకం చేసింది. మొదటిసారి పోతే ఆఫీసరు క్యాంపులో ఉన్నారన్నారు. రెండోసారి తీసుకుని రసీదు ఇచ్చారు. పది రోజులకు దుకాణం నుంచి ఫోను వచ్చింది. మెమో ఇచ్చారు, రావలసిన జీతమూ నోటీసు కింద ఇంకో నెల జీతమూ ఇచ్చారు. పనిలోకి మాత్రం తీసుకోలేదు. ఆ పిల్ల కూడా పోనన్నది. మిగిలిన ఆడపిల్లలకు ఇప్పుడు రెండు ప్లాస్టిక్ స్టూళ్ళు వేశారని తన స్నేహితురాలు చెప్పిందట. పదకొండు మందికి రెండు స్టూళ్ళు! అయినా సున్నా కంటే రెండు ఎక్కువే కదా.

ఇక చివరి సంగతి. చెప్పాలా వద్దా అని తటపటాయించాను. కిందటి దసరాకు నేనూ అలాంటి దుకాణానికే పోయాను. పరుపు మీద కూర్చుని, వాళ్ళిచ్చిన కూల్‌డ్రింకు తాగుతూ, ఎదురుగా నిలబడ్డ పిల్లతో నలభై చీరలు విప్పించి ఒకటి కొన్నాను. ఆ పిల్ల ఎంతసేపటి నుంచి నిలబడి ఉందో అడగలేదు. అంతేనా? ఈ వ్యాసం రాస్తూ తల ఎత్తి చూస్తే మా వంటింటి కిటికీలో ఒక స్టీలు గ్లాసు విడిగా బోర్లించి ఉంది. మా ఇంట్లో బాసన్లు తోమే ఆమెది. చాయ్ ఆ గ్లాసులోనే, అదీ గుమ్మం దగ్గర కింద కూర్చుని. ఇది కులం కోసం కాదు, శుభ్రం కోసం అని ఇన్నేళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఇంటికొచ్చిన చుట్టాలకు విడి గ్లాసు ఎందుకు పెట్టలేదో మాత్రం ఎన్నడూ అడుక్కోలేదు. హోటలు రెండు గ్లాసుల గురించి పైన అంత రాసి, నా కిటికీ చూసుకోకపోతే ఎట్లా?

మరునాడు ఆమెకు మా అందరి గ్లాసుల్లోంచి ఒక గ్లాసు తీసి చాయ్ ఇచ్చాను, కుర్చీ జరిపాను. "వద్దమ్మా, ఇక్కడ్నే బాగుంది" అన్నది. నాలుగు రోజులు అట్లే అన్నది. ఐదో రోజు కూర్చున్నది. కూర్చున్నాక ఏమన్నదో తెలుసా? "అమ్మా, జీతం రెండేండ్లాయె పెంచలే మీరు" అన్నది. మా ఆయన పేపరు కింద పెట్టి నా వైపు చూశారు. ఈసారి "మన ఇల్లు, మన ఇష్టం" అనలేదు. "ఎంత పెంచుదాం?" అన్నారు.

మీ ఇంట్లో, మీరు పోయే దుకాణంలో ఎవరు కూర్చుంటున్నారో, ఎవరు నిలబడుతున్నారో ఈ వారం ఒకసారి చూడండి. చూసింది నాకు రాయండి. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.